గుడ్ల మీది చేప తీరు మారితే మందుకు ముందు చిట్టా చూడాలి

(మా వాణిజ్య విలేఖరి)

మదనపల్లె: టమోటా మండీలో ధర ఒక్కసారిగా పడిపోయిన రోజున అనుభవం గల వర్తకుడు కాయ పాడైందని ముందే తీర్మానించడు. ఆ పూట రాబడి ఎంత, బయటి ఊళ్ళ లారీలు ఎన్ని వచ్చాయి, వాన ఎక్కడ పడింది అని విచారిస్తాడు. కాయ నాణ్యం సంగతి ఆ తరువాత. అక్వేరియం తొట్టెలలో సిక్లిడ్ జాతి చేపలను జత కట్టించి పిల్లలను అమ్మదలచిన వారికి కూడా ఇటువంటి వరుస ఒకటి అవసరం. చేప తీరు వింతగా మారినప్పుడు మొదట నీరు, తరువాత చేప ఉన్న దశ, చివరకు రోగం. ఈ క్రమంలో విచారించాలి.

ఈ వరుస తలకిందులైతే నష్టం రెండు విధాలు. రోగమని తొందరపడి తొట్టెలో మందు పోస్తే, వడపోతలో మేలు చేసే సూక్ష్మజీవులు చచ్చిపోవచ్చు. అప్పుడు అమ్మోనియా పెరిగి, ఏ జబ్బూ లేని చేపకు నిజంగానే జబ్బు చేస్తుంది. ఇక రెండవది, మంచి జతను పనికిరాని జతగా ఎంచి అయినకాడికి అమ్మివేయడం. ఏంజెల్ చేప జత కట్టే ఈడుకు రావడానికి ఎనిమిది నుంచి పది నెలలు పడుతుంది. అన్నాళ్ళ మేత ఖర్చు, కరెంటు ఖర్చు నష్టం పద్దులో చేరుతాయి.

ఏంజెల్, ఆస్కార్, డిస్కస్, ఫ్లవర్‌హార్న్, ప్యారెట్ మొదలైన దుకాణపు చేపలన్నీ సిక్లిడ్ కుటుంబానివే. మన చెరువులలో జిలేబీ చేపగా పేరుపడిన తిలాపియా కూడా ఈ కుటుంబానిదే. దానిని 1952లో శ్రీలంక నుంచి మన దేశానికి తెచ్చారు. గుడ్లను, పిల్లలను కాపలా కాచి సాకడం ఈ కుటుంబపు ప్రధాన లక్షణం. అందువల్లనే గుడ్ల కాలంలో వీటి నడవడి మిగిలిన చేపల కంటే ఎక్కువగా మారుతుంది. ఆ మార్పును జబ్బుగా పొరబడే అవకాశమూ ఎక్కువే.

మొదటి పద్దు: నీరు

చేపలు నీటి పైకి వచ్చి నోరు తెరుస్తున్నా, మొప్పలు వేగంగా ఆడుతున్నా, అన్నీ ఒకేసారి మందగించినా ముందు నీటిని అనుమానించాలి. రోగం సాధారణంగా ఒకటి రెండు చేపలతో మొదలవుతుంది. నీరు చెడితే తొట్టె మొత్తం ఒక్కసారిగా తేడా పడుతుంది.

చేపల విసర్జన, మిగిలిన మేత కుళ్ళి అమ్మోనియా అవుతుంది. దాని విషతీవ్రత నీటి పి.హెచ్. మీద ఆధారపడి ఉంటుంది. 25 డిగ్రీల వేడిమిలో పి.హెచ్. 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది నూటికి ఒక వంతు లోపే. పి.హెచ్. 8కి చేరితే అది ఐదు వంతులు దాటుతుంది. అంటే అంతే అమ్మోనియా సుమారు పదింతలు ప్రమాదకరం అవుతుంది. క్షారగుణం ఎక్కువగా ఉన్న బోరు నీటిని వాడేవారు ఈ లెక్కను మరువరాదు. కొత్త తొట్టెలో వడపోత సూక్ష్మజీవులు నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ గడువు లోపల జతను దింపి గుడ్ల కోసం చూడటం తొందరపాటే.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన లెక్క మరొకటి ఉన్నది. ఎత్తు పెరిగేకొద్దీ నీటిలో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. 28 డిగ్రీల నీరు సముద్రతీరాన లీటరుకు సుమారు 7.8 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టి ఉంచగలదు. సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లెలో అది 7.2కు, సుమారు 1,265 మీటర్ల ఎత్తున ఉన్న హార్స్లీ హిల్స్ మీద 6.7కు తగ్గుతుంది. కొండ మీద చలికి హీటరు పెట్టి నీటిని వేడి చేస్తే, చలి వల్ల కలగవలసిన లాభం కూడా పోతుంది. కాబట్టి చెన్నైలో ఒక గాలిగొట్టంతో సరిపోయిన తొట్టెకు ఇక్కడ చేపలను కొంత పలుచగా వేసుకోవాలి, లేదా గాలి ఎక్కువగా అందించాలి. కరెంటు పోయిన గంటలను కూడా గుర్తుంచుకోవాలి.

చలికాలపు రాత్రులు మరొక అంశం. సిక్లిడ్ జత కట్టడానికి 26 నుంచి 28 డిగ్రీల వేడిమి అనుకూలం. అంతకు బాగా తగ్గితే చేప మేత మానివేస్తుంది, అడుగున మూలకు చేరుతుంది, రంగు తగ్గుతుంది. తెల్లవారుజామున ధర్మామీటరు చూడనివారికి ఇది అంతుపట్టని జబ్బుగా తోస్తుంది.

రెండవ పద్దు: దశ

నీరు సరిగా ఉన్నదని తేలిన తరువాత చేప ఏ దశలో ఉన్నదో చూడాలి. ఈ క్రింది వాటిలో జబ్బు ఏదీ లేదు.

ఆడ తిలాపియా గొంతు కింద ఉబ్బి, మేత వేసినా నోరు తెరవకపోతే అది గుడ్లను నోటిలో పొదుగుతున్నదని అర్థం. రెండు వారాల వరకు అది దాదాపు పస్తుంటుంది. ఆఫ్రికా సరస్సుల చేపలలో పెక్కింటిది కూడా ఇదే పద్ధతి. మూత తీసి పదే పదే కదిలిస్తే గుడ్లను ఉమ్మివేయవచ్చు, మింగివేయవచ్చు.

రాతినో, గాజునో, ఆకునో ఒకే చోట నోటితో అదేపనిగా గీరుతూ ఉంటే గుడ్లు పెట్టే చోటును శుభ్రం చేస్తున్నట్లు. అలాకాక కనబడిన వస్తువుకల్లా ఒంటి పక్కను రాసుకుంటూ పోతే ఒంటి మీద పరాన్నజీవులు ఉన్నాయనో, నీరు మంట పుట్టిస్తున్నదనో అనుమానించాలి. నోరా, పక్కా అన్నదే ఇక్కడ తేడా.

ఇసుకను నోటితో తవ్వి గుంటలు చేయడం, రంగు ముదరడం, నిన్నటి దాకా సాధువుగా ఉన్న చేప చేతి మీదికి దూకడం కూడా కాపలా గుణాలే. కాగా మగది సిద్ధమై ఆడది సిద్ధం కాకపోతే ఆడదాన్ని తరిమి తరిమి చంపవచ్చు. రెక్కలు చిరిగి, ఆడది మూల వదలకపోతే మధ్యలో అడ్డు పలక పెట్టి కొన్నాళ్ళు విడదీయాలి.

డిస్కస్ పిల్లలు తల్లిదండ్రుల ఒంటిని పొడుస్తూ ఉంటే కంగారు పడనవసరం లేదు. ఒంటి మీది జిగురే వాటికి తొలి ఆహారం. దక్షిణ భారతంలోనూ, శ్రీలంకలోనూ సహజంగా ఉండే ఆరెంజ్ క్రోమైడ్ పిల్లలు కూడా ఇదే విధంగా పోషణ పొందుతాయి. జబ్బని భావించి పిల్లలను వేరు చేస్తే ఆ ఈతలో డిస్కస్ పిల్లలు దక్కడం చాలా కష్టం.

గుడ్లు తినే జత

ఎక్కువ జతలు చెడ్డ పేరు తెచ్చుకునేది ఇక్కడే. ఏంజెల్ గుడ్లు 27, 28 డిగ్రీలలో రెండు రెండున్నర రోజులకు పొదుగుతాయి. పిల్లలు ఈదడానికి మరో నాలుగైదు రోజులు పడుతుంది. ఈ లోపల తెల్లబడిన గుడ్లను తల్లిదండ్రులు ఏరివేయడం సహజం. బూజు మంచి గుడ్లకు పాకకుండా చేసే పని అది. గుడ్లన్నీ తెల్లబడితే అన్నిటినీ ఏరివేస్తాయి. చూసేవారికి తల్లే గుడ్లను తిన్నట్లు కనబడుతుంది. అసలు ప్రశ్న అవి ఎందుకు తెల్లబడ్డాయన్నది.

దానికి కారణాలు కొన్ని ఉన్నాయి. రెండూ ఆడవే అయినా జత కట్టి గుడ్లు పెట్టవచ్చు. గుడ్లు పెట్టే వేళ బయటికి వచ్చే గొట్టం ఆడదానికి లావుగా, మొద్దుగా ఉంటుంది. మగదానికి సన్నగా, కొనదేలి ఉంటుంది. రెండవ కారణం నీరు మరీ కఠినంగా ఉండటం. ఏంజెల్, డిస్కస్ అమెజాన్ ప్రాంతపు మెత్తని నీటి చేపలు. బోరు నీటిలో వాన నీరో, ఆర్.ఓ. నీరో కొద్దికొద్దిగా, కొన్ని రోజుల మీద కలుపుకుంటూ రావాలి. ఒక్కసారిగా మార్చరాదు. ఇక ప్యారెట్ చేప సుమారు 1986లో తైవాన్‌లో వెలువడిన సంకర జాతి. మగవి చాలావరకు వంధ్యాలు. కాబట్టి రెండు ప్యారెట్లను జత కట్టించినవారు గుడ్లను చూసి పిల్లల మీద ఆశ పెట్టుకోవడం లాభం లేదు. ఆ తెల్ల గుడ్లకు మందు లేదు.

గుడ్లు బాగుండి కూడా మాయమైతే జత లేతదై ఉండవచ్చు. తొలి రెండు మూడు ఈతలు తినివేయడం మామూలే. తొట్టె నడవలో ఉండటం, రాత్రి దీపం హఠాత్తుగా వేయడం, వేరే చేపలు పక్కనే ఉండటం కూడా కారణాలే.

మూడవ పద్దు: రోగం

నీరు, దశ రెండూ సరిపోయి, ఇంకా తేడా ఉంటే అప్పుడు రోగం. ఒంటి మీద ఉప్పు పలుకుల వంటి తెల్ల చుక్కలు, తెల్లని దారం వంటి విసర్జనతో పాటు చిక్కిపోవడం, తల మీద గుంటలు, పొలుసులు లేచి పొట్ట ఉబ్బడం, అదుపు తప్పి సుడి తిరగడం వంటివి గుడ్ల కాలపు గుణాలు కావు. అటువంటి చేపను వేరే తొట్టెలోకి మార్చి, తెలిసినవారికి చూపి, అక్కడే మందు వాడాలి. ప్రధాన తొట్టెలో మనుషుల మాత్రలు చిదిమి వేయడం మానుకోవాలి.

చిట్టా రాయడం

చేతిలో ఒక నోటు పుస్తకం ఉంటే చాలు. తేదీ, తెల్లవారుజామున వేడిమి, నీరు మార్చిన రోజు, వేసిన మేత, గుడ్లు పెట్టిన గంట, అవి తెల్లబడిన లేదా మాయమైన గంట, కరెంటు పోయిన సమయం రాసి ఉంచాలి. ఉదాహరణకు ఒక జత మూడు ఈతలు పోగొట్టుకున్నదనుకుందాం. మూడూ నీరు మార్చిన మరునాడే పోతే లోపం నీటిలో ఉన్నది. మూడూ చలి రాత్రులలో పోతే హీటరు చూసుకోవాలి. వేడిమి, నీరు నిలకడగా ఉండి, గుడ్లు మూడుసార్లూ రెండవ రోజుకు తెల్లబడితే జతలో మగది ఉన్నదా అని చూడాలి. చిట్టా లేకపోతే ఈ మూడూ ఒకేలా కనబడతాయి.

కొనుగోలుదారులకు ఒక మాట. అలంకార చేపల వ్యాపారానికి పేరుపడిన చెన్నై కొళత్తూరు నుంచి చేపలను సంచిలో తెచ్చినప్పుడు, దారిలో అమ్మోనియా పేరుకొని ఉంటుంది. సంచి విప్పగానే బొగ్గుపులుసు వాయువు పోయి పి.హెచ్. పెరుగుతుంది. ఆ అమ్మోనియా విషంగా మారుతుంది. కాబట్టి సంచిని మూసి ఉండగానే తొట్టె నీటి మీద తేలవేసి వేడిమి సరిచూడాలి. విప్పిన తరువాత గంటల తరబడి ఉంచకుండా చేపను మాత్రమే తొట్టెలోకి మార్చాలి. కుదిరిన జత అని చెప్పి అమ్మేచోట వాటి గుడ్లనో, పిల్లలనో చూపమని అడగడం కొనేవారి హక్కు. చూపలేకపోతే ఆరు లేత చేపలను కొని, వాటంతటవే జత కట్టేవరకు పెంచుకోవడం మేలు.