సంక్రాంతి సెలవులకు రెండు రోజుల ప్లాన్: ఒక కొండ, ఒక తీరం



మామిడి తోటలున్న ఇళ్లలో వేసవి సెలవులంటే పిల్లలకు మాత్రమే సెలవులు. ఏప్రిల్‌లో కోతలు మొదలైతే జూన్ దాకా పెద్దలకు తోట, లారీ, నున్న మార్కెట్ ధర తప్ప వేరే ధ్యాస ఉండదు. పైగా మే ఎండలో పిల్లల్ని బయట నడిపించనూ కూడదు. దసరాకు వెళ్దామంటే వానలు, వెంటనే తుఫాన్ల కాలం. అందుకే హనుమాన్ జంక్షన్, నూజివీడు, బాపులపాడు వైపు కుటుంబాలకు కలిసొచ్చేది సంక్రాంతి సెలవులే. పూత చూసుకోవాల్సి ఉన్నా, రెండు రోజులు ఇల్లు కదలవచ్చు.

ఆ రెండు రోజుల్ని ఎలా ప్లాన్ చేయాలన్నదే ఈ నెల పాఠం. ప్లాన్ వేసేది మీ అబ్బాయి లేదా అమ్మాయి. సరిచూసేది మీరు. ఎనిమిదో తరగతి వారి ఫౌండేషన్ వర్క్‌షీట్లు రెండు రోజులు ఆగితే కొంప మునగదు.

ఎన్ని చోట్లు చూడాలి?

రెండు రోజులకు రెండే. ఒకటి నడిచే చోటు, ఒకటి కూర్చునే చోటు. కారు తీశాం కదా అని ఏడు గుళ్లు, మూడు పార్కులు, ఒక షాపింగ్ మాల్ కలిపితే పిల్లలకు గుర్తుండేది కారు సీటు ఒక్కటే.

విదేశాల్లో బంధువులున్న ఇళ్లలో ఇప్పుడు యూరప్ మాట కూడా వినిపిస్తోంది. పది రోజుల్లో ఏడు దేశాలు చూపించే ప్యాకేజీలు మనకు తెలుసు. అక్కడివాళ్లు తమ సెలవుల్ని అలా గడపడం తక్కువ. సముద్రం పక్కన ఒక చిన్న ఊళ్లో ఇల్లు అద్దెకు తీసుకుని వారం రోజులు అక్కడే ఉండిపోయే కుటుంబాలు ఎక్కువ. ఇటలీలో చింక్వె తెర్రె అనే తీరప్రాంతం ఉంది. కొండ అంచున ఐదు ఊళ్లు. ఊరికీ ఊరికీ మధ్య కాలిబాటలున్నాయి, రైలు కూడా ఉంది. వెళ్లేటప్పుడు నడిచి, వచ్చేటప్పుడు రైలెక్కవచ్చు. అలసిపోయాక నడవాల్సిన దూరం మిగలకూడదన్న ఈ ఒక్క లెక్క మన ప్లాన్‌కూ పనికొస్తుంది.

నిజంగానే యూరప్ వెళ్లే ఆలోచన ఉంటే వీసా సంగతి ముందు చూడండి. షెంగెన్ వీసాకు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా తప్పనిసరి. పిల్లల పాస్‌పోర్టు గడువు 5 ఏళ్లే కాబట్టి దాని మీద ఉన్న తేదీ ఒకసారి చూసుకోండి. అది ఎప్పుడో వెళ్లే సంగతి. ఈ సంక్రాంతికి మన కొండ, మన తీరం ఉన్నాయి.

మొదటి రోజు: గుంటుపల్లి

ఏలూరు మీదుగా కామవరపుకోట వెళ్లి, అక్కడి నుంచి జీలకర్రగూడెం చేరితే గుంటుపల్లి బౌద్ధ గుహలు. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దం నాటి నుంచి భిక్షువులు ఇక్కడ ఉన్నారు. మెట్లెక్కి పైకి వెళ్తే రాతిలో తొలిచిన విహారాలు, ఇటుక కట్టడాల పునాదులు, రాతి వేదికల మీద చిన్న చిన్న స్తూపాలు కనిపిస్తాయి. అన్నిటికన్నా ఆగి చూడాల్సింది గుండ్రటి గుహ. లోపల స్తూపం ఉంటుంది. తల పైకెత్తి చూస్తే కప్పంతా వాసాలు వేసినట్టు చెక్కి ఉంటుంది. రాయికి వాసాలతో పనేముంది? ఆ ప్రశ్న పిల్లలకే వదిలేయండి. తాటాకు పాక లోపలి నుంచి ఎలా ఉంటుందో ముందు రోజు చూపించి తీసుకెళ్తే జవాబు వాళ్లే చెబుతారు.

ఇక లెక్క. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు నడకకు ఒక సూత్రం చెప్పాడు. గంటకు సుమారు 5 కి.మీ. చొప్పున దూరం లెక్కించి, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట కలపాలి. ఉదాహరణకు 4 కి.మీ. నడక, అందులో 150 మీటర్ల ఎక్కుడు అనుకోండి. దూరానికి 48 నిమిషాలు, ఎత్తుకు 15 నిమిషాలు, మొత్తం 63 నిమిషాలు. అయితే ఇది అలవాటున్న పెద్దవాళ్ల లెక్క. చిన్నపిల్లలతో, మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మతో వెళ్తున్నప్పుడు దాన్ని రెట్టింపు చేయండి. ఆగి చూసే సమయం, తినే సమయం వేరే.

ఇంకా మంచి పద్ధతి మీ సొంత సూత్రం తయారు చేసుకోవడం. ఒక సాయంత్రం ఇంటి దగ్గర ఒక కిలోమీటరు కొలిచి, అందరూ కలిసి నడవండి. పిల్లలు టైం రాసుకుంటారు. 20 నిమిషాలు పడితే మీ కుటుంబ వేగం గంటకు 3 కి.మీ. అందరికన్నా వెనక నడిచేవారి వేగమే కుటుంబ వేగం. ముందు పరుగెత్తే అన్నయ్యది లెక్కలోకి రాదు. అదే నడకలో చెప్పులు, బూట్లు కూడా పరీక్షించినట్టవుతుంది. పండక్కి కొన్న కొత్త బూట్లతో కొండ ఎక్కితే మడమలు బొబ్బలెక్కుతాయి.

పులిహోర, నీళ్లు ఇంటి నుంచే తీసుకెళ్లండి. జనవరి తెల్లవారుజామున హైవే మీద మంచు దట్టంగా కమ్ముతుంది. నాలుగింటికే బయల్దేరడం మన అలవాటే అయినా, ఈసారి పొద్దెక్కి దారి కనిపించాకే కారు తీయండి. భోగి నుంచి కనుమ దాకా రోడ్లు కిటకిటలాడతాయి కాబట్టి పండక్కి ముందో తర్వాతో పెట్టుకోండి.

రెండో రోజు: బందరు తీరం

గుడివాడ, పెడన మీదుగా మచిలీపట్నం. పెడనలో కలంకారీ అచ్చులు వేసేచోట ఆగితే అరగంట చాలు. బందరుకోటలో డచ్చివారి సమాధులున్నాయి. 1864 నవంబర్ 1 రాత్రి వచ్చిన తుఫానులో సముద్రం బందరు మీదికి వచ్చి దాదాపు 30,000 మంది చనిపోయారు. ఆ ఊళ్లో నిలబడి ఈ మాట చెప్పాకే మంగినపూడి బీచ్‌కు తీసుకెళ్లండి. సముద్రమంటే భయం అక్కర్లేదు, మర్యాద ఉండాలి.

ఇక్కడ పిల్లలకు నేర్పాల్సిన మొదటి లెక్క ఆటుపోట్లది. మన తీరంలో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. పోటుకూ పాటుకూ మధ్య 6 గంటల 12 నిమిషాలు. మర్నాటికి ఆ వేళ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. శనివారం ఉదయం 7 గంటలకు పోటు వస్తే పాటు మధ్యాహ్నం ఒంటిగంట దాటాక, ఆదివారం పోటు 7:50 ప్రాంతంలో. అమావాస్యకు, పౌర్ణమికి పోటు బలంగా ఉంటుంది. ఇంట్లో గోడ మీద వేలాడే క్యాలెండర్‌లో తిథి చూసి ఆ రోజు ఎలా ఉంటుందో పిల్లల్నే చెప్పమనండి. ఫ్రాన్స్‌లో మోం సాన్ మిషెల్ దగ్గర పోటుకూ పాటుకూ తేడా దాదాపు 14 మీటర్ల వరకు ఉంటుంది. అక్కడ ఇసుక మీద నడకకు దారి తెలిసిన మనిషి వెంట ఉండాల్సిందే. మన దగ్గర అంత తేడా లేదు. లేదు కాబట్టే మనం పట్టించుకోం.

రెండోది అంతకన్నా ముఖ్యం. దయచేసి ఈ పేరా మీ ఇంట్లో గట్టిగా చదివి వినిపించండి. మంగినపూడికి లోతు తక్కువ తీరమని పేరు. ఆ నమ్మకంతోనే పిల్లల్ని వదిలేస్తాం. అలలు విరుగుతూ తెల్లగా నురగలు కక్కేచోటు చూసి జంకుతాం. పక్కనే అలలు విరగకుండా నున్నగా, కాస్త రంగు మారినట్టు కనిపించేచోటు ఉంటే 'ఇక్కడ బాగుంది' అని దింపుతాం. ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోయే దారి తరచుగా అదే. దాన్ని రిప్ కరెంట్ అంటారు. అది మనిషిని కిందికి ముంచదు, ఒడ్డు నుంచి దూరంగా లాక్కుపోతుంది. దానికి ఎదురీదితే ఎంత ఈతగాడైనా అలసిపోతాడు. అందులో పడితే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి అరవాలి. ఈత వచ్చినవారు ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డు వైపు తిరగాలి.

ఒడ్డున ఉన్నవాళ్లు వెంటనే దూకకూడదు. తమ్ముడి కోసం అన్న, అన్న కోసం నాన్న దూకి, ఒకరి బదులు ముగ్గురు పోయిన ఇళ్లున్నాయి. తేలే వస్తువు ఏదైనా, ఖాళీ నీళ్ల డబ్బా అయినా సరే, విసరండి. జాలర్లను పిలవండి, 112కు ఫోన్ చేయండి. గాలి నింపిన ట్యూబులు మాత్రం పిల్లలకు ఇవ్వద్దు. ఉదయం పూట గాలి తరచుగా నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది, ట్యూబుతో పాటు పిల్లవాడినీ తీసుకుపోతుంది.

మీ ఇంటికి ఒకే నియమం చాలు: మోకాళ్ల లోతు దాటకూడదు, ఫోన్ చూడకుండా ఒక పెద్దవారు నీళ్ల వైపే చూస్తూ ఉండాలి. అరగంటకొకరు ఆ పని మార్చుకోవచ్చు. బయల్దేరే ముందు రోజు ఇన్‌కాయిస్ హెచ్చరికలు చూడండి. సముద్రం ఊసే లేని హైదరాబాద్‌లో ఉండి, దేశంలోని తీరాలన్నిటికీ ఎత్తైన అలల సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇది. హెచ్చరిక ఉంటే ప్రయాణం మానుకోండి. పెడన, బందరుకోట చూసి తిరిగొచ్చినా ఆ రోజు వృథా పోదు.

నీళ్లలో గంట చాలు. మిగతా సమయానికి ప్లాన్ ఏమీ వేయకండి. చాప పరుచుకుని కూర్చోండి. గవ్వలు ఏరనివ్వండి. జంతికల డబ్బా ఖాళీ కానివ్వండి. చీకటి పడక ముందే బీచ్ వదిలి, భోజనం గుడివాడలో చేసినా ఇంటికి ఎక్కువ పొద్దుపోదు.

6 నుంచి 9 తరగతుల పిల్లలు తాము వేసిన ప్లాన్‌ను ఒక తెల్ల కాగితం మీద రాయాలి. కుటుంబ వేగం, దారి పటం, ఆ రోజు తిథి, పోటు వేళ, నీళ్ల దగ్గర కాపలా ఎవరిదో అందులో ఉండాలి. స్కూలు తెరిచిన వారంలో క్లాస్ టీచర్‌కు ఇవ్వవచ్చు. ఏ కారణం వల్లనైనా వెళ్లలేకపోయినవారు కూడా ప్లాన్ ఇవ్వండి. మార్కులు ప్లాన్‌కే.