శోథ సూచికలు – జీవనశైలి: సర్వేలలో పాటించవలసిన జాగ్రత్త

శరీరంలోని శోథను తెలిపే రక్త సూచికలలో సి-రియాక్టివ్ ప్రోటీన్ ముఖ్యమైనది. 1930లో గుర్తించిన ఈ ప్రోటీన్‌ను ఇంటర్‌ల్యూకిన్-6 ప్రేరణతో కాలేయం తయారుచేస్తుంది. కొవ్వు కణజాలం కూడా ఇంటర్‌ల్యూకిన్-6ను విడుదల చేస్తుంది. అందువల్ల స్థూలకాయులలో వ్యాధి లక్షణాలు లేకపోయినా ఈ సూచిక అధికంగా ఉండవచ్చు. బరువు తగ్గితే తగ్గుతుంది. పొగతాగేవారిలోనూ ఇది ఎక్కువే.

గుండె జబ్బుల ముప్పు అంచనాలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు తక్కువగా, 3 మిల్లీగ్రాములు మించితే ఎక్కువగా పరిగణిస్తారు. గ్రామ సర్వేలలో పొరపాటు జరిగేది ఇక్కడే. దమ్ము చేస్తూ కాలికి గాయమైన రైతులోనూ, చిగుళ్ల వ్యాధి ఉన్న మహిళలోనూ ఈ విలువ పెరగవచ్చు. దానిని ఆహారపు అలవాట్లకు ఆపాదించరాదు. 10 మిల్లీగ్రాములు దాటితే ఇన్‌ఫెక్షన్ ఉన్నదేమో పరిశీలించి, కోలుకున్న తరువాత మళ్లీ కొలవాలి. నమూనా తీసుకున్న నాటి జ్వరం, గాయాలు, వాడుతున్న మందుల వివరాలకు ప్రశ్నావళిలో తప్పక చోటుండాలి.