పాత చీర - కొత్త బొంత

మీ ఇంట్లో చిరిగిన చీరలు ఉన్నాయా? టైలరు దగ్గర మిగిలిన గుడ్డ ముక్కలు ఉన్నాయా? పారేయకండి. వాటితో బొంత కుట్టవచ్చు. పొయ్యి దగ్గరికి మసిగుడ్డ కుట్టవచ్చు.

మాది నంద్యాల. మా చిన్నమ్మది ఆళ్లగడ్డ. ఆళ్లగడ్డ అంటే అందరికీ రాతి శిల్పాలు గుర్తుకొస్తాయి. నాకు మాత్రం చిన్నమ్మ బొంతలే గుర్తుకొస్తాయి.

మనది నల్లరేగడి నేల. పత్తి పండే నేల. నంద్యాలలో వ్యవసాయ పరిశోధనా స్థానం 1906 నుంచి ఉంది. 'నరసింహ' అనే పత్తి రకం అక్కడ పుట్టిందే. అయినా ఇప్పుడు మన ఇళ్లలో నూలు చీరలు తగ్గాయి. నైలాన్, పాలిస్టర్ చీరలు పెరిగాయి. అందుకే ముక్క చేతికి రాగానే అది ఏ గుడ్డో చూడాలి.

ఒకసారి నేను చూడలేదు. మెరిసే పాలిస్టర్ ముక్కతో మసిగుడ్డ కుట్టాను. దాంతో అన్నం గిన్నె దించబోయాను. గుడ్డ అంచు మంటకు తగిలింది. అది మైనంలా కరిగి వేలికి అంటుకుంది. నేను లాగబోయాను. చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"లాగొద్దుమే! తోలు ఊడొస్తాది. ముందు నీళ్ల కాడికి రా" అంది.

20 నిమిషాలు చల్లని మంచినీళ్లు పోసింది. ఐసు పెట్టలేదు. పేస్టు, సిరా పూయనియ్యలేదు. తర్వాత ఆసుపత్రికి తీసుకుపోయింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

గుడ్డను గుర్తు పట్టడం

గుడ్డ నుంచి నాలుగు దారప్పోగులు లాగండి. పట్టకారుతో పట్టుకోండి. కింద స్టీలు పళ్లెం పెట్టండి. పిల్లల్ని దూరంగా ఉంచండి. పోగులకు అగ్గిపుల్ల అంటించండి.

నూలు కాగితంలాగా కాలుతుంది. మెత్తని బూడిద అవుతుంది. పాలిస్టర్, నైలాన్ కరుగుతాయి. చల్లారాక గట్టి ఉండ మిగులుతుంది. ఉండ మిగిలిందంటే ఆ గుడ్డ పొయ్యి దగ్గరికి రాకూడదు. దాంతో సంచి కుట్టుకోండి.

మసిగుడ్డకు 8 అంగుళాల నూలు ముక్కలు రెండు చాలు. మధ్యలో పాత తువ్వాలు మడిచి పెట్టండి. నాలుగు వైపులా కుట్టండి. తడి మసిగుడ్డతో వేడి గిన్నె పట్టుకోకండి. తడి గుడ్డలోంచి వేడి తొందరగా చేతికి తగులుతుంది.

బొంత కుట్టడం

చీర పొడవు సుమారు 18 అడుగులు. దాన్ని 6 అడుగుల చొప్పున మూడు ముక్కలు చేయండి. ఒకదాని మీద ఒకటి పరవండి. ఒక మనిషి బొంతకు మూడు పొరలు వచ్చాయి. చలికి ఇంకా కావాలంటే ఇంకో చీర వేయండి.

టైలరు ముక్కలు కొత్తవి. వాటిని ముందే ఉతికి ఆరేయండి. లేకుంటే బొంత ఉతికిన రోజు ఆ ముక్కలు కుంచించుకుపోతాయి. బొంత ముడతలు పడుతుంది. రంగు కూడా కారుతుంది. ఆరిన ముక్కల్ని పై పొర మీద మీకు నచ్చినట్టు పేర్చండి. అంచులు లోపలికి మడవండి.

నాలుగు మూలలా బరువులు పెట్టండి. ముందు పెద్ద పెద్ద కుట్లు వేసి పొరలు కదలకుండా చేయండి. తర్వాత నడిమి నుంచి అంచుకు కుట్టుకుంటూ పోండి. అంచు నుంచి మొదలుపెడితే గుడ్డ అంతా నడిమికి చేరి ఉబ్బుతుంది. వరుసకూ వరుసకూ మధ్య రెండు వేళ్ల ఎడం చాలు. మా చిన్నమ్మ కుట్లు వంకర పోతాయి. అయినా ఆమె బొంత పదేళ్లు నిలుస్తుంది.

కర్ణాటకలో బొంతను కౌది అంటారు. అక్కడ ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ ఆడవాళ్లు కౌది మూలల్లో గుడ్డ మడిచి పువ్వులు కుడతారు. పువ్వులు లేకుంటే కౌది పూర్తి కానట్టేనట!

చంటిబిడ్డ బొంతకు మెత్తని నూలు చీరే వాడండి. గుండీలు, చమ్కీలు వద్దు. దారం కొసలు వేలాడనీయకండి. బిడ్డ వేలికి చుట్టుకుంటాయి. బొంత బిడ్డ ముఖం మీదికి రానీయకండి.

లెక్క చేయండి

చంటిబిడ్డ బొంతకు 3 అడుగుల పొడవు ముక్కలు కావాలి. 18 అడుగుల చీరలో అలాంటివి ఎన్ని వస్తాయి? ఒక బొంతకు మూడు పొరలు వేస్తే ఎన్ని బొంతలు అవుతాయి?