నెట్ పోయిందా? నోరు కాదు, నోట్‌బుక్ తెరవండి

నెట్ పోగానే మీరేం చేస్తున్నారో ఒక్కసారి గమనించుకోండి. రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తారు. కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసి కేకలేస్తారు. పక్కింటి వాళ్ల కనెక్షనే మేలు, మార్చేద్దాం అంటారు. మూడూ కోపంలో చేసే పనులే. ఈ అలవాటు మారాలి. మారుతుంది కూడా. వారం చాలు.

“నాకు టెక్నాలజీ తెలీదండీ” అనకండి. నల్లపాడు లాంటి ఊళ్ల చుట్టుపక్కల మిర్చి వేసినవాళ్లకి ఇందులో కావలసిన తెలివి ఎప్పటినుంచో ఉంది. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు. కిందికి ముడుచుకుంటే నల్లి. ముందు ఆకు తిప్పి చూస్తారు, తర్వాతే మందు. నాలుగు మందులు కలిపి కొడితే ఏది పనిచేసిందో ఎవరికీ తెలీదు. వైఫై దగ్గరా అదే పద్ధతి. ముందు చూడండి. తర్వాత ఒక్కటే మార్చండి.

చూడాల్సింది ఒకటే. తప్పు ఇంటి బయట ఉందా, లోపలుందా?

ముందు బయట, అంటే తీగ వచ్చే దారి. ఉదాహరణకి ఒక కనెక్షన్ చూద్దాం. ఏపీ ఫైబర్‌నెట్‌ని 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకి 149 రూపాయలకే టీవీ, నెట్ అన్నారు. అంత చవకగా ఊరూరికీ ఎలా వెళ్లింది? భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగారు. మంచి ఆలోచన. కానీ స్తంభం మీది తీగకి గాలివాన, చెట్టుకొమ్మ, ఎత్తుగా లోడేసిన లారీ, అన్నీ గండాలే. ఏ కంపెనీ కనెక్షనైనా సరే, తీగ పైనుంచి వస్తే ఇదే కథ.

తప్పు బయట ఉందో లేదో కనిపెట్టడానికి నిచ్చెన ఎక్కక్కర్లేదు. ఫైబర్ వచ్చి దిగే డబ్బా చూడండి. పీఓఎన్ లైటు పచ్చగా నిలకడగా ఉంటే సిగ్నల్ మీ ఇంటి దాకా వస్తోంది. ఎల్ఓఎస్ దగ్గర ఎర్ర లైటు వెలిగితే రావట్లేదు. ఇక రూటర్‌ని ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా ఫలితం ఉండదు. ఫోన్ చేసే ముందు మాత్రం ఒకటి చూడండి. ఆ సన్న తీగ కిటికీ రెక్క కింద నలుగుతోందా? మేకు దగ్గర మడతపడిందా? లోపల ఉన్నది గాజు పోగు. మడిస్తే కాంతి అక్కడే కారిపోతుంది.

లైటు పచ్చగానే ఉందా? అయితే రెండో పరీక్ష. లాప్‌టాప్‌కి ల్యాన్ కేబుల్ పెట్టి ఒక గంట వాడండి. వైరు మీద నెట్ నిలకడగా వచ్చి, వైఫై మీదే పోతోందంటే తప్పు మీ గదుల్లో ఉంది. ఇది శుభవార్త! ఎవరి కోసమూ ఎదురుచూడక్కర్లేదు.

ఇప్పుడు రూటర్ ఎక్కడుందో చూడండి. ముందు గదిలో టీవీ వెనక. పక్కనే ఇనప బీరువా. మార్చి నెలైతే కల్లం నుంచి వచ్చిన మిర్చి టిక్కీలు (బస్తాలు), మార్కెట్ యార్డుకి వెళ్లేదాకా గోడ పొడవునా పేర్చి ఉంటాయి. అమ్మాయి ఆన్‌లైన్ క్లాసేమో రెండు గోడల అవతల వెనక గదిలో. ఇనుము సిగ్నల్‌ని వెనక్కి కొడుతుంది. గోడ కొంత మింగేస్తుంది. రూటర్‌ని ఇంటి మధ్యకి తెచ్చి, తలెత్తున, నాలుగు వైపులా ఖాళీ ఉండేలా పెట్టండి. చాలా ఇళ్లలో జబ్బు ఇక్కడే నయమవుతుంది.

దూరపు గదికి 2.4 గిగాహెర్ట్జ్ వాడండి, అది గోడలు దాటుతుంది. రూటర్ ఉన్న గదిలో 5 గిగాహెర్ట్జ్, అది వేగం. మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.4 దగ్గరే పనిచేస్తుంది కాబట్టి రెండూ దూరం దూరంగా ఉండాలి. పక్కిళ్ల రూటర్లతో రద్దీగా ఉంటే సెట్టింగ్స్‌లో 2.4కి ఛానెల్ 1, 6, 11లో ఒకటి ఎంచుకోండి. ఈ మూడూ ఒకదాని మీద ఒకటి పడవు.

చాలామంది పట్టించుకోనిది కరెంటు. ఒక్క సెకను పోయి వస్తుంది. ట్యూబ్‌లైటు ఆరి వెలుగుతుంది, మీరు మర్చిపోతారు. రూటర్ మాత్రం మళ్లీ మొదటినుంచి లేస్తుంది, రెండు మూడు నిమిషాలు. మీరు నెట్‌ని తిడతారు! రూటర్‌కి పెట్టే చిన్న మినీ యూపీఎస్ ఒకటి కొనండి. అడాప్టర్ మీద రాసిన వోల్టేజ్, ఆంప్స్ చూసి దానికి సరిపోయేదే తీసుకోండి. ఇంకో మాట. మన ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది. రూటర్ మీద అల్లిక గుడ్డ కప్పకండి. ముచ్చటగానే ఉంటుంది, కానీ డబ్బా ఉడికిపోతుంది.

ఇక నోట్‌బుక్. నెట్ పోయిన ప్రతిసారీ నాలుగు ముక్కలు రాయండి.

• టైమ్ ఎంత?
• ఏ లైటు వెలుగుతోంది?
• ఏ గదిలో పోయింది?
• కరెంటు మినుకుమందా?

రోజుకి ఒక్క మార్పే చేయండి. ఇవాళ రూటర్ జరిపారా, ఛానెల్ జోలికి రేపు వెళ్లండి. తొందరపడి రెండూ చేస్తే మళ్లీ మొదటికొస్తారు. వారం తిరిగేసరికి పేజీలో ఒక వరస కనిపిస్తుంది. రోజూ సాయంత్రం ఏడింటికేనా? వాన పడ్డప్పుడేనా? వెనక గదిలోనేనా?

తప్పు బయటే అని తేలితే అప్పుడు ఫోన్ తీయండి. గొంతు పెంచకండి. “బాబూ, నిన్న రాత్రి ఏడుంపావుకి, ఇవాళ పొద్దున తొమ్మిదికి ఎల్ఓఎస్ ఎర్రగా వచ్చింది. ఇంట్లో తీగ చూశా, మడత లేదు. స్తంభం దగ్గర చూడాలి” అనండి. ఇలా చెప్తే అతను ఏ పనిముట్టుతో రావాలో అతనికే అర్థమవుతుంది. కంప్లైంట్ నంబర్ అడిగి, అదే పేజీలో తేదీ పక్కన రాసుకోండి. అతను వచ్చి కలిపి వెళ్లాక, ఎక్కడ తెగిందో, ఏం చేశాడో అడిగి ఆ కిందనే రాయండి.