'నేను' అన్నది ఎవరు? నఫ్స్‌తో లెక్క చూసుకుందాం

హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) తన తండ్రి మీద ఉండిపోయిన అప్పు విషయం మాట్లాడటానికి ఒకసారి దైవప్రవక్త (సఅసం) ఇంటికి వెళ్ళి తలుపు తట్టారు. వచ్చింది ఎవరని లోపలి నుండి అడిగారు. జాబిర్ (రజి) 'నేను' అని బదులిచ్చారు. దైవప్రవక్త (సఅసం) ఆ జవాబు నచ్చనట్లుగా 'నేను' అన్న మాటనే తిరిగి పలికారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. తలుపు దగ్గర 'నేను' అంటే వచ్చిన మనిషెవరో తెలియదు, కాబట్టి పేరు చెప్పాలి అన్నది ఇందులోని మర్యాద అని ధర్మపండితులు వివరించారు. ఆ మర్యాదను నేర్చుకుంటూనే మనం మరో ప్రశ్న కూడా వేసుకుందాం. నిద్ర లేచింది మొదలు పడుకునే వరకు మన నోట లెక్కలేనన్నిసార్లు వచ్చే ఈ 'నేను' ఎవరు? అల్లాహ్ దాసుడా, లేక దాసుడి ఇంట్లో యజమానిలా కూర్చున్న నఫ్సా?

ఇబ్లీస్ నోట వెలువడిన 'నేను'

ఆదం (అలై)కు సజ్దా చేయమని అల్లాహ్ ఆజ్ఞాపించినప్పుడు ఇబ్లీస్ నిరాకరించాడు. తాను ఆదం కంటే మేలైనవాడినని, తనను అగ్నితోనూ ఆదంను మట్టితోనూ పుట్టించావని వాదించాడు (ఆరాఫ్ సూరా: 12). ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఇబ్లీస్ అల్లాహ్ ఉనికిని కాదనలేదు. తనను సృష్టించినవాడు అల్లాహ్‌యేనని అతని వాదనలోనే ఒప్పుకోలు ఉంది. అయినా బహిష్కృతుడయ్యాడు. అంటే సృష్టికర్తను ఒప్పుకునే నాలుక, 'నేనే గొప్ప' అనుకునే హృదయం ఒకే చోట ఉండగలవన్నమాట. నమాజు చేసేవారమైన మనం ఈ ఉదంతానికి భయపడవలసింది ఇందుకే.

ఖారూన్ కథ కూడా ఇలాంటిదే. తనకున్న సంపదంతా తన జ్ఞానం వల్లనే వచ్చిందని అతను చెప్పుకున్నాడు (ఖసస్ సూరా: 78). ఇచ్చినవాణ్ణి మరచి, పుచ్చుకున్న తన చేతినే చూసుకున్నాడు.

మరి అహంకారం అంటే ఏమిటి? మంచి దుస్తులు, మంచి చెప్పులు వేసుకోవాలని కోరుకోవడం అహంకారమేనా అని సహాబాలలో ఒకరు అడిగారు. దైవప్రవక్త (సఅసం) కాదన్నారు. అల్లాహ్ సౌందర్యాన్ని ఇష్టపడతాడని చెప్పి, అహంకారానికి రెండు గుర్తులు తెలిపారు. ఒకటి, సత్యాన్ని తిరస్కరించడం. రెండు, మనుషులను చులకనగా చూడటం (ముస్లిం). ఈ రెండు గుర్తులూ బట్టల మీద కనిపించవు. ఎదుటివాడు మన తప్పు చెప్పినప్పుడు బయటపడతాయి.

ఇమామ్ గజాలీ తనను తాను ప్రశ్నించుకున్న వేళ

నఫ్స్‌తో లెక్క చూసుకోవడాన్ని ముహాసబా అంటారు. బస్రాలో పుట్టి, 857లో బాగ్దాద్‌లో మరణించిన హారిస్ ముహాసిబీ (రహ్మ)కు ఆ పేరు ఈ పని వల్లనే వచ్చింది. అయితే ఈ లెక్క ఎంత కఠినమైనదో ఇమామ్ గజాలీ (రహ్మ) జీవితం చూస్తే తెలుస్తుంది.

ఆయన 1091లో బాగ్దాద్‌లోని నిజామియా మద్రసాలో ఆచార్యులయ్యారు. మూడు వందల మంది విద్యార్థులు ఆయన పాఠం వినేవారు. అంతకు మించిన గౌరవం ఆనాటి ఆలిమ్‌కు ఉండదు. అలాంటి సమయంలో ఆయన తన సంకల్పాన్ని పరీక్షించుకున్నారు. తాను చేస్తున్న బోధన కేవలం అల్లాహ్ కోసం కాదని, పేరుప్రతిష్ఠల కోరికే దానిని నడిపిస్తోందని గ్రహించారు. ఈ సంగతి 'అల్ ముంఖిజ్ మినద్దలాల్' గ్రంథంలో ఆయనే రాసుకున్నారు. వదిలిపెట్టాలని ఒకరోజు, వద్దని మరొక రోజు దాదాపు ఆరు నెలలు నలిగిపోయారు. చివరికి పాఠం చెప్పబోతే నోట మాట రాలేదు, అన్నం సహించలేదు. 1095లో ఆ పదవిని విడిచి బాగ్దాద్ నుండి వెళ్ళిపోయారు.

దీన్ని చదివి, అహం పోవాలంటే ఇల్లూ వృత్తీ విడిచిపెట్టాలి కాబోలు అనుకోకూడదు. కథ అక్కడితో ముగియలేదు. 1106లో ఆయన నైషాపూర్‌లో తిరిగి పాఠం చెప్పారు. చూసేవారికి అది పాత పనికే తిరిగి వచ్చినట్లు ఉండవచ్చు. ఆయన మాత్రం, పూర్వం హోదా సంపాదించే విద్యను నేర్పానని, ఇప్పుడు హోదాను వదులుకునే విద్యను నేర్పుతున్నానని చెప్పుకున్నారు. పని అదే, దానిని నడిపించే సంకల్పం మారింది.

ఖుదీ వేరు, అనానియత్ వేరు

ఉర్దూ చదివిన మన యువకులకు ఇక్కడ ఒక సందేహం వస్తుంది. అల్లామా ఇఖ్బాల్ 1915లో వెలువరించిన 'అస్రారె ఖుదీ'లో ఖుదీని బలపరచుకోమన్నారు కదా, 'నేను'ను తగ్గించుకోమనడం దానికి విరుద్ధం కాదా? కాదు. ఆ కావ్యంలోనే ఖుదీ శిక్షణకు మూడు మెట్లు చెప్పారు. మొదటిది విధేయత, రెండవది నఫ్స్‌ను అదుపులో ఉంచడం, మూడవది అల్లాహ్ ప్రతినిధిగా నిలవడం. మొదటి మెట్టే ఆజ్ఞకు తల వంచడం. అనానియత్ అయితే ఆ తల ఎత్తి నిలబడుతుంది.

ఇస్లాం మనిషి వ్యక్తిత్వాన్ని తుడిచివేయమని చెప్పదు. రేపు ప్రళయదినాన సమాధానం చెప్పుకోవలసింది ఆ మనిషే. తనను తాను యజమాని అనుకోవడం మానుకోమని మాత్రమే చెబుతుంది. అల్లాహ్‌ను మరచినవారికి అల్లాహ్ వారి సంగతినే వారు మరచేటట్లు చేశాడని హష్ర్ సూరా (19) హెచ్చరిస్తోంది. కనుక మనల్ని మనం తెలుసుకునే దారి కూడా అల్లాహ్‌ను గుర్తుంచుకోవడంలోనే ఉంది.

ధాన్యం తేమ, నఫ్స్ సాకు

మా కోవూరు ప్రాంతంలో కోతలప్పుడు ధాన్యం లెక్క పుట్లలో నడుస్తుంది. నెల్లూరు జిల్లాలో పుట్టి అంటే 850 కిలోలు. కల్లంలో పోసిన వడ్లు బంగారంలా మెరుస్తూ ఉంటాయి. బాగా ఎండాయని రైతు అంటాడు. కొనేవాడు ఆ మాట మీద కొనడు. పిడికెడు గింజలు తీసి యంత్రంలో పోసి తేమ చూస్తాడు. 17 శాతం దాటకూడదన్నది ప్రభుత్వ కొనుగోలు నిబంధన. దాటితే మళ్ళీ ఆరబెట్టాల్సిందే.

మన ఆచరణల సంగతీ ఇంతే. పైకి మెరుస్తాయి. 'నేను బాగానే ఉన్నాను' అని నఫ్స్ సాక్ష్యం చెబుతుంది. ఆ సాక్ష్యాన్ని నమ్మకూడదు. మనిషి ఎన్ని సాకులు చెప్పినా తన మీద తానే సాక్షి అని ఖియామహ్ సూరా (14, 15) చెబుతోంది.

ఆ తేమ ఎక్కడ బయటపడుతుంది? ఆస్తి పంపకంలో చూడండి. నిసా సూరా 11వ ఆయతు కుమార్తె వాటాను నిర్ణయించింది. అయినా పొలం పంచుకునేటప్పుడు అక్కచెల్లెళ్ళ పేరు ఎత్తని ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. పెళ్ళికి ఖర్చు పెట్టామంటారు, ఆమె అడగలేదంటారు, ఊళ్ళో పరువు అంటారు. అల్లాహ్ ఆజ్ఞ ఎదుట నిలబడి మాట్లాడుతున్న ఆ 'పరువు' ఎవరిది? సత్యాన్ని తిరస్కరించడం అనే మొదటి గుర్తు ఇదే కదా!

అన్నదమ్ముల మధ్య చూడండి. గట్టు తగాదాతోనో, పెళ్ళి పిలుపులో లోపంతోనో మాటలు ఆగిపోతాయి. ఒకే మస్జిదులో ఒకే సఫ్‌లో నిలబడి, సలాం తిప్పాక ముఖం తిప్పుకుని వెళ్ళిపోతారు. సోదరునితో మూడు రాత్రులకు మించి మాటలు మానడం ధర్మసమ్మతం కాదని, ముందుగా సలాం చేసినవాడే మేలైనవాడని దైవప్రవక్త (సఅసం) చెప్పారు (బుఖారీ, ముస్లిం). సోమ, గురువారాలలో స్వర్గద్వారాలు తెరవబడతాయని, షిర్క్ చేయని ప్రతి దాసుడికీ క్షమాపణ లభిస్తుందని, పరస్పరం పగతో ఉన్న ఇద్దరిని మాత్రం రాజీపడే వరకు ఆపి ఉంచుతారని మరో హదీసు (ముస్లిం) తెలుపుతోంది. 'ముందు నేనెందుకు పలకరించాలి?' అన్న ఒక్క మాటకు మనం చెల్లిస్తున్న వెల ఎంతో ఆలోచించండి.

2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు కోవూరు మండలంలో ఇళ్ళలోకి, పొలాల్లోకి నీరు చేరింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. నష్టపోయినవారిని చూపించి ఇది వారి పాపఫలం అనే హక్కు ఎవరికీ లేదు. అలా అనడం కూడా అహంకారమే. కాని 'నాది' అని మనం తగాదాపడే గట్లను నీరు గుర్తించదని ఆ రోజు అందరం చూశాం.

ప్రతి రాత్రి కొద్ది నిమిషాలు

లెక్క తీసుకోబడక ముందే మీ లెక్క మీరే చూసుకోండని హజ్రత్ ఉమర్ (రజి) బోధించేవారు. ఇమామ్ గజాలీ (రహ్మ) నఫ్స్‌ను వ్యాపార భాగస్వామితో పోల్చారు. పొద్దున దానితో షరతు పెట్టుకోవాలి, పగలంతా కనిపెట్టి ఉండాలి, రాత్రి లెక్క అడగాలి. ఇషా తరువాత, పడుకునే ముందు ఈ నాలుగు ప్రశ్నలు వేసుకుందాం.

ఈ రోజు ఎవరైనా నా తప్పు చెబితే ఒప్పుకున్నానా, సాకు వెదికానా?
ఎవరిని చులకనగా చూశాను? ఇంట్లో భార్యనా, పొలంలో కూలీనా, చదువురాని పొరుగువాడినా?
చేసిన మంచి పని ఎవరూ చూడకపోయినా చేసి ఉండేవాడినా?
ఎవరి హక్కు నా దగ్గర ఉండిపోయింది?

దోషం కనబడితే తౌబా చేయాలి. దానిని నలుగురిలో చెప్పుకోనవసరం లేదు. మనిషి హక్కు అయితే తౌబాతో పాటు ఆ హక్కును తిరిగి ఇచ్చేయాలి. ఇక ఒక జాగ్రత్త. కొన్నాళ్ళు ఇలా చేశాక, 'నేను వినయం గలవాణ్ణి' అని నఫ్స్ మరో వేషంలో వస్తుంది. మిమ్మల్ని మీరు పరిశుద్ధులుగా చెప్పుకోకండని నజ్మ్ సూరా (32) అందుకే హెచ్చరించింది. హజ్రత్ ఉమర్ (రజి) అంతటివారే, కపటుల జాబితాలో తన పేరు ఉందా అని హజ్రత్ హుజైఫా (రజి)ని అడిగారని ఉల్లేఖనాలు తెలుపుతున్నాయి. మనమెంత!

సోదర సోదరీమణులారా! ఈ వ్యాసం చదివి పక్కన పెట్టేయకండి. ఈ రాత్రే లెక్క చూడండి. మీరు మాట మానేసిన మనిషి ఒకరు గుర్తుకొస్తారు. రేపు ఫజ్ర్ తరువాత వెళ్ళి ఆ తలుపు తట్టండి. ఎవరని అడిగితే మీ పేరు చెప్పి, సలాం చేయండి.

అల్లాహ్ మన నఫ్స్ కీడు నుండి మనల్ని కాపాడి, హక్కుదారుల హక్కులు తీర్చే భాగ్యాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.