వృత్తియే కైంకర్యము

తిరుమలకు వచ్చు యాత్రికుల మ్రొక్కులలో బిడ్డల ఉద్యోగములకు సంబంధించినవి అనేకములు. "మా అబ్బాయికి ఉద్యోగము దొరికినచో కుటుంబసమేతముగా వచ్చి తలనీలాలు సమర్పించుకొందుము" అని తల్లిదండ్రులు ప్రార్థింతురు. ఇందు దోషమేమియు లేదు. గృహస్థునకు అర్థము కూడ పురుషార్థమే. అయితే ఉద్యోగము దొరికిన పిదప అడుగవలసిన ప్రశ్న మరియొకటి కలదు. ఆ పనివలన ఎవరికి ఏమి మేలు జరుగుచున్నది? ఈ ప్రశ్న వినబడని యింట కుమారుడు ముప్పదియేండ్లు జీతము తెచ్చును; సేవ యనునది మాత్రము పదవీవిరమణానంతరము చూచుకొందమని వాయిదా పడుచుండును.

మానవుడు తన కర్మచేతనే భగవంతుని అర్చించి సిద్ధిని పొందునని గీత 18వ అధ్యాయము బోధించుచున్నది. పూలతో అర్చించుట మనకు తెలియును. పనితో అర్చించుట యెట్లు? భగవద్రామానుజులు తమ గీతాభాష్యమున త్యాగమును మూడు విధములుగా వివరించిరి. నేనే చేయుచున్నానను తలంపును విడుచుట కర్తృత్వత్యాగము. ఈ కర్మ నాది యను పట్టును విడుచుట మమతాత్యాగము. దీని ఫలము నా కొరకే యను ఆశను విడుచుట ఫలత్యాగము. విడువవలసినవి ఈ మూడే గాని పని కాదు. ఫలత్యాగమనగా జీతమును కాదనుట యని భ్రమపడరాదు. కుటుంబపోషణము ధర్మమే, జీతమొక్కటే పనికి ప్రయోజనమనుకొనుట బంధము.

తిరుమల క్షేత్రగాథలలో కురువనంబి కథ సుప్రసిద్ధము. ఆయన కుమ్మరి. సారె విడిచి కొండకు పోవుటకు తీరిక లేక, స్వామి రూపమును కొయ్యతో మలచుకొని, చేతికంటిన మట్టితోనే పూలు చేసి అర్పించుచుండెను. తొండమాన్ చక్రవర్తి సమర్పించిన బంగారు పూలపైన ఆ మట్టి పూలు కనబడినవని పెద్దలు చెప్పుదురు. ఈ కథలో భక్తిని అందరును గ్రహింతురు. గమనింపదగినది మరియొకటి యున్నది. నంబి సారెను విడువలేదు. ఊరివారికి కుండలు చేయుచునే స్వామిని సేవించెను. ఆ కుండలు నీరు కారునవే యైనచో మట్టి పూలకు విలువ యెక్కడిది? పనిలో నేర్పు కూడ పూజాద్రవ్యమే.

ఇది పురాతనగాథ గదా, నేటి ఉద్యోగములకు ఎట్లు పొసగునని కొందరు శంకింపవచ్చును. మన కాలమువాడే యైన నేత్రవైద్యుడు డాక్టరు గోవిందప్ప వేంకటస్వామి (1918–2006) జీవితము దీనికి సమాధానము. తమిళనాట వ్యవసాయ కుటుంబమున జన్మించిన ఆయన ప్రసూతివైద్యుడు కాదలచెను. ఇంతలో తీవ్రమైన కీళ్లవాతము సోకి వ్రేళ్లు వంకరలుపోయెను. కోరిన మార్గము మూతపడినది. ఆయన వైద్యమును విడువక నేత్రచికిత్సను అభ్యసించి, ఆ వ్రేళ్లతోనే శస్త్రము పట్టుట నేర్చి, జీవితకాలమున లక్షకు పైగా శస్త్రచికిత్సలు చేసెను.

58వ యేట ప్రభుత్వోద్యోగమునుండి విరమించి, 1976లో మధురలో 11 పడకలతో అరవింద నేత్రవైద్యశాలను స్థాపించెను. ఇచ్చుకొనగలవారు రుసుము చెల్లింతురు. లేనివారికి ఉచితముగా చికిత్స జరుగును. ఇరువురికిని చికిత్స చేయు వైద్యులు వారే. కంటిశుక్లము తీసిన పిదప అమర్చు లెన్సులు పేదలకు అందని ధరలో నుండగా, వాటిని చవకగా తయారుచేయుటకు 1992లో ఆ సంస్థ ఆరోల్యాబ్ అను కర్మాగారమును నెలకొల్పెను. తిరుపతిలోను ఆ సంస్థవారి వైద్యశాల నేడు సేవచేయుచున్నది. విరమణానంతరము ఆయన క్రొత్తగా సేవను వెదకుకొనలేదు. అంతవరకు చేసిన పనియే మరింత విస్తరించినది.

అందరును వైద్యశాలలు స్థాపింపలేరు, స్థాపింపనక్కరయు లేదు. పాఠము సిద్ధపరచుకొని తరగతికి పోవు ఉపాధ్యాయుడు, వృద్ధురాలు ఎక్కువరకు బస్సును కదలింపని డ్రైవరు, పింఛను కాగితమును రేపటికి త్రోయని గుమాస్తా, లోపము కనబడినచో దాచక సరిచేయు కంప్యూటరు ఇంజనీరు, వీరందరును తమ తమ స్థానములలోనే అర్చకులు. కాని కల్తీతోను లంచముతోను గడించి, అందులో కొంత హుండీలో వేసినంతమాత్రమున ఆ వృత్తి కైంకర్యము కానేరదు. పరులకు హాని చేయు పనిని ఏ సమర్పణమును పావనము చేయజాలదు. అట్టి పనిలో చిక్కుకొన్నవాడు జీతము కొంత తగ్గినను వేరొక మార్గము వెదకుకొనుటయే మేలు. అప్పుడు ఇంటివారు వానిని నిందింపక అండగా నిలువవలెను.

కావున వృత్తిని ఎన్నుకొను బిడ్డలతో పెద్దలు జీతమునుగూర్చి మాటలాడిన పిదప మూడు ప్రశ్నలు అడుగుదురుగాక. ఈ పనిలో ఎవరికైనను హాని కలదా? దీనిని చక్కగా చేయు నేర్పును సంపాదించుటకు నీవు సిద్ధమా? నీ పనివలన ఎవరి కష్టము తీరును? వీటికి సమాధానము దొరికిన బిడ్డకు కార్యాలయమే కైంకర్యశాల యగును. మ్రొక్కు చెల్లించుటకు కొండ యెక్కిననాడు వాడు తలనీలాలతోపాటు తన పనిని కూడ స్వామి పాదములచెంత నిస్సంకోచముగా సమర్పింపగలడు. అట్టి బుద్ధిని శ్రీనివాసుడు మన బిడ్డలకు అనుగ్రహించుగాక!