పాలు పిండే యంత్రం ముందా, పొదుగు శుభ్రత ముందా?

తమిళనాడులోని పళ్ళికొండ దగ్గరి పొయ్‌గై మంగళవారం సంతలో పాడి ఆవును కొన్న రైతు ఆ తర్వాత ఖర్చు దేనికి పెట్టాలి? యంత్రం పాలను పెంచదు, ఉన్న పాలను తీస్తుందంతే. ఆవు చేపడానికి కారణం పిట్యూటరీ గ్రంథి విడుదల చేసే ఆక్సిటోసిన్. దాని ప్రభావం కొద్ది నిమిషాలే. బెదిరిన ఆవులో అడ్రినలిన్ దాన్ని అడ్డుకుంటుంది, అప్పుడు ఎంత ఖరీదైన యంత్రమైనా పొదుగును ఖాళీ చేయలేదు. పాలలో సుమారు 87 శాతం నీరే కనుక తొట్టిలో ఎప్పుడూ నీళ్లుండటం దాణా అంత ముఖ్యం. పిండిన తర్వాత చన్ను రంధ్రం దాదాపు అరగంట తెరిచే ఉంటుంది. ఆ సమయంలో ఆవు పడుకోకుండా మేత వేసి, చన్నులను అయోడిన్ ద్రావణంలో ముంచితే పొదుగువాపు వ్యాధి తగ్గుతుంది.

కూలీలు దొరకనప్పుడు యంత్రమే గతి కదా అంటారు. పది ఆవులున్న కొట్టానికి ఆ మాట నిజమే, ఒకటి రెండు ఆవులున్న ఇంటికి కాదు. పైగా యంత్రంలో శూన్యపీడనం హెచ్చితే చన్నులు దెబ్బతింటాయి, రబ్బరు గొట్టాలు కడగకపోతే వ్యాధి ఒక ఆవు నుంచి మరో ఆవుకు పాకుతుంది. చిన్న రైతుకు అందే పరికరాలు సహకార కేంద్రంలోనే ఉంటాయి: సాంద్రత చూసే లాక్టోమీటర్, గెర్బర్ పద్ధతిలో వెన్న శాతం తేల్చే బ్యూటిరోమీటర్, పాలను 4 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరిచే బల్క్ కూలర్. 1970లో మొదలైన దేశవ్యాప్త పాడి పథకం ఆపరేషన్ ఫ్లడ్ బలం కూడా ఇలాంటి ఉమ్మడి ఏర్పాటే. తమిళనాడులో ఆ సహకార పాల పేరు ఆవిన్.